కొసరుకి కొసరు

మే నెలలో ఒక శనివారం పొద్దున్న ఏడున్నరకి, కళింగపట్నంలో సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక రేకుల పాకలో ఉన్నవి ఇవి: ఎండు నెత్తళ్ల గంపలు పద్దెనిమిది, ఎండు రొయ్యల గంప ఒకటి, ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, చిరునామా చీటీలు ముద్రించే చిన్న ప్రింటరు ఒకటి, తెర మీద గీత పడిన నా లాప్‌టాప్ ఒకటి, తిరగని టేబుల్ ఫ్యాను ఒకటి. మనుషులు నలుగురు: దుకాణం నడిపే అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం), ఆమె అత్తగారు, మా ఆఫీసులో సరుకుల ఫొటోలు తీసి వివరాలు రాసే విజయనగరం అమ్మాయి, నేను. గంపల పక్కన ఒక పిల్లి కూడా ఉంది. అప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత దాని జాతి మొత్తాన్ని తీసుకోవలసి వచ్చింది.

ఇరవై తొమ్మిదేళ్లకే రిటైరైనవాడిలా జ్ఞాపకాలు రాస్తున్నాడేమిటని నవ్వకండి. ఆ ఉద్యోగం నుంచి మాత్రం నిజంగానే రిటైరయ్యాను. ఇప్పుడు అదే పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి "అన్నా, చూసుకోవలసినవేమిటో లిస్టు పంపు" అంటారు. లిస్టు పంపుతాను. కానీ ఆ లిస్టులో పదిహేడు అంశాలకీ టిక్కు పెట్టాక కూడా ఏం జరగగలదో ఎవరైనా చెప్పాలి కదా. అందుకే ఇది.

శ్రీకాకుళంలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఉండేది మా ఆఫీసు. సొంత వెబ్‌సైటు ఉన్న చిన్న దుకాణాన్ని, దేశమంతా వచ్చి కొనే పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లో ఆ దుకాణానికున్న ఖాతాతో కలపడం మా పని. వెబ్‌సైటులో ఉన్న సరుకు పేరు, ధర, నిల్వ మార్కెట్లోకి వెళ్లాలి. మార్కెట్లో పడిన ఆర్డరు తిరిగి వెబ్‌సైటులోకి రావాలి. మధ్యలో ఒక లింకు ప్రోగ్రాం పావుగంటకోసారి ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తుంటుంది. సంబంధాలు కుదిర్చే మనిషిలాంటిదన్నమాట. అది సొంతంగా ఆలోచించదు. మనం చెప్పిందల్లా చెప్పేస్తుంది. ఇక్కడే ఉంది తిరకాసు.

అప్ప భర్త వేటకి వెళ్తాడు, అప్ప చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఏటా ఒకే వ్యాపారి లారీ తెచ్చి నెత్తళ్ల గంపలన్నీ ఎత్తుకుపోయేవాడు. ఆ ఏడు అతను రాలేదు. ఉగాది వెళ్లాక వస్తానన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. జూన్‌లో వాన మొదలైతే ఎండుచేపకి చెమ్మ తగులుతుంది, చెమ్మ తగిలితే పురుగు పడుతుంది, పురుగు పడితే సీజనంతా పడ్డ కష్టం కోళ్ల మేతకి పోతుంది. వెబ్‌సైటులో కొనేవాళ్లు వారానికి నలుగురైదుగురు, అదీ ఈ ఊరు వదిలి పోయి ఈ రుచి మరిచిపోలేనివాళ్లు. వాళ్లతో పద్దెనిమిది గంపలు ఖాళీ కావు. అందుకే అప్ప మా ఆఫీసు మెట్లెక్కి మా సారుతో ఒకే ముక్క చెప్పింది.

"వాన రాకముందర పాక కాళీ అవ్వాల. అంతే."

ఇక కొసరు సంగతి.

అంతకు రెండు నెలల ముందు ఆ వెబ్‌సైటు చేసింది కూడా నేనే. మొదటి వారం తొమ్మిది ఆర్డర్లు వెళ్లాయి. పదో రోజున హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పుట్టింది గార దగ్గరట.

"సరుకు బాగున్నాది గానీ, కొసరు ఏదమ్మా?"

స్పీకరు పెట్టి ఉండడంతో ఈ మాట అత్తగారి చెవిన పడింది. నేను ఆవిణ్ని మామ్మా అనేవాణ్ని.

"ఓలమ్మా! కొసరు ఎయ్యకుండా పంపినారేటే? నలబై ఏళ్లు తట్ట నెత్తినెట్టుకుని తిరిగినాను, ఒక్కరి చేత ఆ మాట అనిపించుకున్నానేటి?"

"అత్తా, కంప్యూటర్ల అరకిలో అంటే అరకిలోయే ఉంటాది" అంది అప్ప.

"అరకిలోకి అరకిలో కాటా ఇత్తాది. మనిసేటిచ్చినట్టు?"

మామ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. టీ మాత్రం ఇచ్చేది, నా వైపు చూడకుండా.

నేను ఏ సమస్యనైనా లిస్టుగా మార్చి పరిష్కరించేవాణ్ని. వెబ్‌సైటులో 'కొసరు' అని కొత్త వస్తువు చేర్చాను. ధర సున్నా. కొనేవాళ్లకి కనిపించదు. ఏ ఆర్డరు వచ్చినా దాని కింద ఒక లైను దానంతటదే పడుతుంది: కొసరు – 1. పార్సిల్ కట్టేటప్పుడు చీటీ చూసుకుని ఒక గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తారు. ఎవరూ మరిచిపోవడానికి లేదు. వస్తువుకి ఫొటో కావాలంటే మా విజయనగరం అమ్మాయి మామ్మ పిడికిలినే తీసింది. ముడతలు పడిన చెయ్యి, వేళ్ల సందుల్లోంచి రొయ్యల మీసాలు. కింద వివరం కూడా తనే రాసింది: "ముసలమ్మ గుప్పెడు. అడక్కుండానే."

బరువు గడి ఖాళీగా ఉంటే నాకు నిద్రపట్టదు. మామ్మ చేత పదిసార్లు గుప్పెడు తీయించి తూచాను. ఇరవై రెండు గ్రాములు, ఒక గ్రాము అటూ ఇటూ. మా కాలేజీ ప్రయోగశాలలో ఏ పరికరమూ అంత నిలకడగా పనిచేయలేదు. అదే పరీక్ష అప్ప చేత్తో చేస్తే పదిహేడు వచ్చింది.

"అది గుప్పెడేటి? సిటికెడు" అంది మామ్మ. "సదువుకున్న సెయ్యి, అలాగే ఉంటాది."

చివరికి నిల్వ గడి మిగిలింది.

"కొసరు ఎంత ఉందని రాయమంటావు మామ్మా?"

"కొసరు అయిపోడవేటిరా బావూ? కొసరు అయిపోయిన్నాడు కొట్టు మూసీడవే."

ఆ గడిలో పట్టే అతి పెద్ద అంకె వేశాను. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. మామ్మ ఆ రోజు నా వైపు చూస్తూ టీ ఇచ్చింది.

ఇప్పుడు మళ్లీ మే నెలకి వద్దాం. గురువారం నాడు వెబ్‌సైటుని మార్కెట్ ఖాతాతో కలిపాను. నా లిస్టులో పదిహేడు అంశాలు: లైసెన్సు, బ్యాంకు, చిరునామా, వస్తువుల కోడ్లు, పన్ను వర్గం, అలా. పదకొండోది, 'వస్తువులు పంపు'. అక్కడ రెండు బొత్తాలుంటాయి. ఒకటి 'అన్నీ', రెండోది 'ఎంచుకున్నవి'. నేను 'అన్నీ' నొక్కాను. పన్నెండు వస్తువులు వెళ్లాయి, ఒకదాని పక్కన ఎర్రగీత వచ్చింది: ధర సున్నా ఉండకూడదు.

ఏ వస్తువో చూడవలసింది. చూడలేదు. గీత మీదే ఉంది నా చూపంతా. సున్నా చెరిపి ఒకటి వేశాను. గీత పోయింది. టిక్కు పెట్టాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా ఉద్యోగ జీవితంలో చేసిన తప్పులన్నిటికీ ఒకటే కారణం. ఎర్రగీత పోతే సమస్య పోయిందనుకోవడం.

శనివారం మార్కెట్లో పెద్ద అమ్మకాల రోజు. కొత్తగా చేరిన దుకాణాల సరుకుకి కొనేవాళ్ల దగ్గర డెలివరీ ఖర్చు తీసుకోరు, అది అమ్మేవాళ్ల మీద పడుతుంది. అప్ప తలస్నానం చేసి వచ్చి ప్రింటరుకి బొట్టు పెట్టింది. ఏడూ ముప్పై ఆరుకి ఫోను టింగుమంది. ప్రింటరు గరగరలాడి మొదటి చీటీ కక్కింది. అప్ప దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుని నాకిచ్చింది.

"సదువు, బావూ."

చదివాను. కొసరు – 1. కొసరు – 1.

"రెండు పాలి పడినాదేటి?"

"లేదప్పా. ఆయన కొన్నది కొసరు. దానికి మన వెబ్‌సైటు కొసరు వేసింది."

"ఏ ఊరు?"

"లక్నో."

"అక్కడ సముద్రం ఉన్నాదా?" అడిగింది మామ్మ, రొయ్యలు చెరుగుతూ.

"లేదు మామ్మా."

"పాపం" అంది.

రెండో చీటీ జోధ్‌పూర్. మూడోది గువాహటి. తర్వాత టింగులు విడివిడిగా వినపడడం మానేశాయి. విజయనగరం అమ్మాయి తన ఫోనులో మా దుకాణం పేజీ తెరిచి ఒక్క క్షణం చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఫోను నాకు చూపించింది. మార్కెట్ వాళ్ల యంత్రం మన తెలుగుని తనకి తోచినట్టు అనువదించుకుంది. అందులో ఉన్నది తిరిగి తెలుగులో చెప్పాలంటే ఇది: వృద్ధురాలి పిడికిలి. ధర ఒక రూపాయి. నిల్వలో తొమ్మిది వేలకు పైగా. కింద కొనేవాళ్ల ప్రశ్నలు కూడా మొదలయ్యాయి.

"ఇది చెక్కతో చేసిందా, మైనమా?"

"ఎడమ చెయ్యి కూడా దొరుకుతుందా?"

"లిస్టు మాస్టారూ," అందా అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ, "మామ్మ చేతులు తొమ్మిదివేలు అమ్మకానికి పెట్టేశారండీ మీరు."

అప్ప నవ్వలేదు.

"నెత్తళ్లు ఎన్ని పోయినాయి, బావూ?"

"రెండు పాకెట్లు."

"కొసరు?"

"నలభై ఒకటి."

వెంటనే మార్కెట్ ఖాతాలోకి వెళ్లి కొసరు నిల్వ సున్నా చేశాను. టింగులు ఆగాయి. ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా పావుగంటకి మళ్లీ మొదలయ్యాయి. చూస్తే, నిల్వ తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. మళ్లీ సున్నా చేశాను. మళ్లీ పావుగంటకి అదే అంకె. నేను చెరపడం, అది రాయడం. మూడోసారి నేను బల్ల మీద గుద్దితే పిల్లి లేచి ఇంకో గంప పక్కకి మారింది.

"ఎవుడితో దెబ్బలాడతన్నాడే వీడు?" అంది మామ్మ.

"తను చేసిన మిషన్‌తోనే మామ్మా" అంది విజయనగరం అమ్మాయి.

నాలుగోసారికి వెలిగింది. లింకు ప్రోగ్రాంకి వెబ్‌సైటే అసలు. మార్కెట్ ఖాతా దానికి నకలు. నకలులో ఎన్నిసార్లు దిద్దినా పావుగంటకోసారి అసలు వచ్చి దాన్ని తనలా చేసుకుంటుంది. వెబ్‌సైటులోకి వెళ్లి సున్నా వేశాను. ఇంక రాలేదు. అప్పటికి తొమ్మిది దాటింది. చీటీలు లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. కొసరు ఆర్డర్లు నూట ఎనభై ఏడు. నెత్తళ్లు అయిదు.

మా సారుకి ఫోన్ చేశాను. ఆయన అన్నీ విని చాలా తేలిగ్గా చెప్పారు.

"క్యాన్సిల్ కొట్టెయ్. సాంకేతిక లోపం అని రాయ్. ఎవడికీ అర్థం కాదు."

"సార్, కొత్త ఖాతాలో మొదటి వారం నూటికి మూడు మించి క్యాన్సిల్ చేస్తే ఖాతా మూసేస్తారు."

"మూస్తే ఇంకోటి తెరుద్దాం."

"దానికి నెల పడుతుంది సార్."

"నేను మీటింగ్‌లో ఉన్నాను" అన్నారు. శనివారం మా ఆఫీసులో మీటింగులుండవు.

అప్ప నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"బావూ, నిజం సెప్పు. రద్దు సేస్తే ఏటవుతాది?"

"కొట్టు మూసేస్తారప్పా. వానల్లోగా ఇంకోటి రాదు."

"పంపితే?"

"నూట ఎనభై ఏడు పార్సిళ్ల డెలివరీ ఖర్చు మనదే. వచ్చేది నూట ఎనభై ఏడు రూపాయలు. కమిషను పోగా..."

"సాల్లే" అంది. గంపల వైపు తిరిగింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. పద్దెనిమిదీ లెక్కపెడుతోందని నాకు తెలుసు. అవి పద్దెనిమిదేనని ఆమెకీ తెలుసు. అయినా లెక్కపెట్టింది. ఆ అర నిమిషంలో ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

మామ్మ చేట పక్కన పెట్టింది.

"ఏటా గోల? నాకు తెలుగుల సెప్పండి."

"ఈ బావు కొసరుని బజార్ల ఎట్టీసినాడత్తా. జనం కొసరే కొంటన్నారు. అసలు కొనట్లేదు."

మామ్మ నవ్వడం మొదలెట్టింది. ఆవిడ నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి, చప్పుడు రాదు. చాలాసేపు కదిలాయి.

"మరేటి సేత్తారు?"

"రద్దు సెయ్యమంటన్నాడు ఆళ్ల సారు."

నవ్వు ఆగింది.

"ఏసిన కొసరు ఎనక్కి తీసీడవా? తట్టల ఏసినాక ఎవులైనా తీత్తారేటే? ఆ లక్నో వోడు మన ఊరొచ్చి అడిగితే మొకం ఏడెట్టుకోవాల?"

"అతను రాడు మామ్మా" అన్నాను.

"నువ్వు నోరుముయ్యి. నీ గీతలు నువ్వు సూసుకో." తర్వాత కాసేపు చీటీ వైపు చూసింది. చదవడం రాదు, కానీ రెండు లైన్లూ ఒకేలా ఉన్నాయని కనిపెట్టింది. వేలు పెట్టి చూపించింది. "ఈ రెండోది ఏటి?"

"అది కొసరుకి కొసరు."

"రొయ్యలు కొన్నోడికి మళ్లీ రొయ్యలే కొసరేత్తారేటిరా? నెత్తళ్లు కొన్నోడికి రొయ్యలు కొసరు. రొయ్యలు కొన్నోడికి నెత్తళ్లు కొసరు. ఆడికి కొసరే అసలైపోతే, అసలుని కొసరు సేసీండి. నోట్లో ఎట్టుకున్నాక ఆడే అడుగుతాడు, అసలు ఏదీ అని."

అప్ప మెల్లగా పీట మీంచి లేచి ఒక నెత్తళ్ల గంప కట్టు విప్పింది.

ప్యాకింగ్ తొమ్మిదిన్నరకి మొదలైంది. కొరియరు అబ్బాయి బండి నాలుగింటికి వస్తుంది. నేను పనులు పంచుతూ ఒక లిస్టు రాశాను, ఎవరూ చూడలేదు. గుప్పెడు మామ్మ చేత్తోనే పడాలి, ఎందుకంటే ఫొటోలో ఉన్న చెయ్యి ఆవిడది. మొదట రొయ్యలు నూట ఎనభై ఏడు గుప్పెళ్లు, తర్వాత నెత్తళ్లు నూట ఎనభై ఏడు గుప్పెళ్లు. అప్ప సీలు వేస్తుంది, నేను చీటీ అతికిస్తాను. విజయనగరం అమ్మాయి చిన్న కాగితాల మీద ఇంగ్లీషులో రాసి ఒక్కో కవరులో వేసింది: "మీరు కొన్నది కొసరు. మేం కొసరుగా వేసింది అసలు." పార్సిల్‌లో మా వెబ్‌సైటు పేరు వెయ్యకూడదని మార్కెట్ నిబంధన. వెయ్యలేదు. ఆ రోజు నేను సరిగ్గా పాటించిన నిబంధన అదొక్కటే.

మధ్యాహ్నం ఒంటిగంటకి మామ్మ చెయ్యి నొప్పెట్టింది. అప్ప తను వేస్తానంది.

"నీ సిటికెడుతోటి నా పేరు సెడగొట్టకు" అని మామ్మ చేతికి కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చుంది. నేను మధ్యలో రొయ్యలు మాత్రమే పడిన ఒక కవరు దొంగతనంగా కాటా మీద పెట్టి చూశాను. ఇరవై రెండు గ్రాములు.

"తూసినావా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"లేదు మామ్మా."

"ఎంతొచ్చినాది?"

"ఇరవై రెండు."

"అలా సెప్పు."

మూడున్నరకి ప్రశ్నల పేజీలో కొత్తది వచ్చింది. లక్నో మనిషే. "ఇది చెయ్యి కాదు, ఎండు రొయ్యలని తెలిసింది. మా పిల్లికి పెట్టవచ్చా?"

నేను ఇబ్బందిగా అప్ప వైపు చూశాను. అప్ప "అత్తకి సెప్పకు" అని సైగ చేసింది. కానీ విజయనగరం అమ్మాయి అప్పటికే గట్టిగా చదివేసింది. మామ్మ కోపం తెచ్చుకుంటుందనుకున్నాం.

"పిల్లికా? అయితే ఇంకో నాలుగు నెత్తళ్లు ఎక్కువెయ్యి" అంది. "మనిసి మొహమాటానికి బాగుందంటాడు. పిల్లి అబద్దవాడదు."

నాలుగు నెత్తళ్లు ఎక్కువ వేశాం. బండి నాలుగూ పదికి వచ్చింది. కొరియరు అబ్బాయి బస్తాలు ఎత్తి చూసి "ఏటప్పా ఇది, ఇంత తేలిగ్గా ఉన్నాది, బూరుగు దూదా?" అన్నాడు.

వారం తర్వాత అభిప్రాయాలు రావడం మొదలైంది. మొదటిది ఒక నక్షత్రం: "చెయ్యి రాలేదు. చేపలు వచ్చాయి." రెండోది కూడా ఒకటే నక్షత్రం: "ఇల్లంతా వాసన." మూడోది జోధ్‌పూర్ నుంచి అయిదు నక్షత్రాలు, అక్షరం ముక్క లేదు, ఒక ఫొటో మాత్రం ఉంది. ఖాళీ కవరు, దాన్ని నాకుతున్న తెల్లపిల్లి. ఆ ఫొటో కింద పదిమంది అడిగారు, ఇదెక్కడ దొరుకుతుందని. గువాహటి ఆవిడ పిల్లి ప్రస్తావన లేకుండా తనకే రెండు కిలోలు కావాలంది, వంకాయతో వండుకుంటుందట. ఆమె మాటలు మామ్మకి అనువదించి చెప్తే "ఆళ్లకీ తెలుసునా!" అని ఆ రోజంతా పక్కింటివాళ్లకి చెప్పింది.

ఖాతా మూయలేదు. ఆ నూట ఎనభై ఏడు మందిలో యాభై మూడు మంది నెత్తళ్లు కొన్నారు. వాళ్ల వల్ల తెలిసినవాళ్లు, పిల్లుల వల్ల తెలిసినవాళ్లు ఇంకొందరు. అప్ప రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎన్ని గంపలు మిగిలాయో ఒక అంకె చెప్పి పెట్టేసేది, హలో కూడా అనకుండా. ఆ డెలివరీ ఖర్చు సంగతి అప్పకీ మా సారుకీ మధ్య మేడమీద గదిలో తేలింది. తలుపు వేసి ఉన్నా మందుల షాపు దాకా వినపడింది. ఎవరు గెలిచారో చెప్పనక్కర్లేదు.

నేను మా సారుకి మూడు పేజీల నివేదిక రాశాను. ఆయన చదవలేదు. మామ్మకి అది చదివి వినిపించాను, అడిగింది కాబట్టి. చివరిదాకా విని, "నీ సీటీల పదిహేడున్నాయన్నావు గదా. పద్దెనిమిదోది రాసుకో" అంది.

"ఏమని మామ్మా?"

"తట్ట ఎత్తేముందు గుడ్డ తీసి సూడు, లోపల ఏటున్నాదో."

రాసుకున్నాను. నేను ఇప్పుడు మీకు పంపే లిస్టులో పదకొండోదానికి ముందు ఉన్నది అదే. అంకెలు మార్చలేదు, అందుకే అది పద్దెనిమిదోది అయ్యుండి పదో దాని తర్వాత ఉంటుంది. ఎందుకని అడగడం ఇంక మానెయ్యండి.

జూన్ మూడో వారంలో వంశధార మీంచి మబ్బు వచ్చింది. ఆ మధ్యాహ్నం అప్ప ఫోన్ చేసేసరికి రేకుల మీద చినుకుల చప్పుడు నాకు వినిపిస్తోంది. పద్దెనిమిది గంపల్లో ఎన్ని మిగిలాయని అడిగాను. ఒకటుందట, దాన్ని అమ్మడానికి మామ్మ ఒప్పుకోవడం లేదట, కొసరుకి కావాలని ఇంట్లోకి మోయించి అటక మీద పెట్టించిందట.

పాకలో మిగిలినవి: సున్నా.